తాళం చెవి లేని బండి: కవాసాకి కేఎక్స్112తో నాలుగు నెలలు

"బాబుకి ఎన్నేళ్లు సార్?" అని అడిగాడు షోరూం కుర్రాడు.

"బాబుకి కాదు, నాకే" అన్నాను.

నాకు 43 ఏళ్లు. అయిదడుగుల నాలుగంగుళాలు, 58 కిలోలు. కుర్రాడు ఒకసారి నన్నూ ఒకసారి బండినీ చూసి, నవ్వు ఆపుకోవడానికన్నట్టు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాడు. అతని తప్పేం లేదు. 85 సీసీ బండి చిన్నదైపోయి, 250కి ఇంకా కాళ్లందని పిల్లల కోసం కంపెనీ తయారుచేసిన డర్ట్ బైక్ ఇది, అంటే మట్టి ట్రాక్ మీద తోలే బండి. నా పరిస్థితీ అదే, కాకపోతే ఒక పాతికేళ్లు ఆలస్యం. 250 సీసీ కేఎక్స్ సీటు నేల మీంచి దగ్గర దగ్గర 95 సెంటీమీటర్లు. దాని మీద కూర్చుంటే నా బొటనవేళ్లు గాల్లో ఉంటాయి. దీని సీటు 87. ఒక కాలు పూర్తిగా, రెండో కాలు మునివేళ్ల మీద ఆనుతుంది.

అంతకుముందు నా దగ్గర 200 కిలోల అడ్వెంచర్ బండి ఒకటుండేది. లాంగ్ రైడ్‌కి రాజా. మట్టి దారి కనిపిస్తే మాత్రం టెన్షన్. ఒక వానాకాలం వికారాబాద్ అవతల చేను గట్టు మీద జారి పడితే, దాన్ని లేపడానికి పత్తి చేలో కలుపు తీస్తున్న ఇద్దరు ఆడవాళ్లు రావాల్సి వచ్చింది. "మొయ్యలేని బరువు ఎందుకు కొన్నవయ్యా" అంది అందులో ఒకామె. ఆ మాట నల్లకుంటలో మా ఇంటి దాకా నా వెనక సీటు మీద కూర్చునే వచ్చింది. రెండు నెలల్లో ఆ బండి అమ్మేశాను.

కేఎక్స్112 పెట్రోలుతో సహా 77 కిలోలు. నాకంటే 19 కిలోలు ఎక్కువ, అంతే.

ధర ముందే చెప్పేస్తాను, ఎలాగూ అందరూ అడిగేది అదే. 2024 అక్టోబర్‌లో మన దేశంలోకి వచ్చినప్పుడు ఎక్స్‌షోరూం సుమారు 4.88 లక్షలు. 112 సీసీకి అంతా అని నోరు తెరవకండి. ఆ తర్వాతి నెలే వచ్చిన కేటీఎం 85 ఎస్‌ఎక్స్, అదీ దీనిలాగే టూ స్ట్రోకే (పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాల్చే పాత ఆటోల రకం ఇంజన్), అప్పట్లో దాదాపు 6.7 లక్షలు. మిగతా పెద్ద డర్ట్ బైకులు షోరూంలో దొరికేవి ఫోర్ స్ట్రోక్‌లు. టూ స్ట్రోక్ కావాలి, కొత్తది కావాలి, బిల్లుతో కావాలి అంటే ఆప్షన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హెల్మెట్, గాగుల్స్, మోకాలి చిప్పలకు ప్యాడ్లు, ఛాతీ కవచం, బూట్లు కలిపి నాకు ఇంకో 46 వేలు అయ్యింది. బూట్ల దగ్గర మాత్రం బేరం ఆడకండి. నా కుడి చీలమండ ఇవాళ ఉన్నచోటే ఉందంటే బూటు పుణ్యమే.

కొన్నచోటు పేరు రాయను. అయిదు వారాల్లో ఇస్తామని పదకొండు వారాలకు ఇచ్చారు. ఫోన్ చేసినప్పుడల్లా "పోర్టులో ఉంది సార్". మా ఆవిడకి ఆ మాట ఎంత కంఠతా వచ్చేసిందంటే, నేను కూర తెమ్మంటే "పోర్టులో ఉంది" అనేది. డెలివరీ రోజు అక్కడి మెకానిక్ "ఆయిల్ లీటరుకి 20 ఎంఎల్ చాలు సార్, పాత ఆటోలకి అంతే పోసేవాళ్లం" అన్నాడు. మాన్యువల్ తెరిస్తే 32 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిల్ అని ఉంది. అంటే లీటరుకి 31 ఎంఎల్ పైన. ఆయన మాట విని ఉంటే పిస్టన్ ఏమయ్యేదో. మాన్యువల్ మీరే చదవండి, ఎవరు ఏం చెప్పినా.

మా నాన్న ఆర్‌ఎక్స్100 నడిపారు. 98 సీసీ, 11 హార్స్‌పవర్. చిక్కడపల్లి సందులోకి ఆ బండి తిరిగితే మా అమ్మ పెనం పొయ్యి మీద పెట్టేది. దాంట్లో ఆయిల్‌కి వేరే ట్యాంకు ఉండేది, ఎంత పోవాలో పంపు చూసుకునేది. ఇందులో ఆ పంపు మనమే. పెట్రోలులో ఆయిల్ కలిపి పొయ్యాలి, ప్రతిసారీ, కొలిచి. కోఠిలో ల్యాబ్ సామాన్ల కొట్టుకెళ్లి 250 ఎంఎల్ కొలజాడీ కొన్నాను. కొట్టాయన ఏ కాలేజీ అని అడిగాడు.

కలపడం తేలికే. పెట్రోలు తెచ్చుకోవడమే గొడవ. బంకులో సీసాలో పొయ్యరు. బండిని రోడ్డు మీద బంకుకి నడిపించకూడదు, ఎందుకంటే ఈ బండికి ఆర్టీఏలో రిజిస్ట్రేషనే కాదు. ట్రాక్ కోసం చేసింది, ట్రాక్ మీదే నడపాలి. కాలనీ సందు కూడా రోడ్డే. చివరికి నేను పట్టుకున్న ఉపాయం ఇది: ఇంటి దగ్గరే ఖాళీ ట్యాంకులో 125 ఎంఎల్ ఆయిల్ పోసి ట్యాప్ కట్టేస్తాను. బండిని ట్రాలీ ఆటో ఎక్కించి తాళ్లతో బిగించి, ట్రాలీనే బంకుకి తీసుకెళ్లి సరిగ్గా నాలుగు లీటర్లు పోయిస్తాను. కలిపే పని మెహదీపట్నం నుంచి శంకర్‌పల్లి దాకా రోడ్లు చూసుకుంటాయి. మొదటిసారి బంకు కుర్రాడు చుట్టూ తిరిగి చూసి, "హెడ్‌లైట్ లేదేందన్నా, రాత్రి ఎట్ల పోతవ్?" అన్నాడు.

హెడ్‌లైట్ ఒక్కటేనా. ఇండికేటర్లు లేవు, హారన్ లేదు, స్పీడోమీటర్ లేదు, సెల్ఫ్ స్టార్ట్ లేదు, సైడ్ స్టాండ్ లేదు. తాళం చెవి కూడా లేదు. కిక్ కొడితే ఎవరికైనా స్టార్ట్ అవుతుంది. అందుకే మా సెల్లార్‌లో స్తంభానికి గొలుసేసి కట్టాను. వాచ్‌మన్ దాన్ని "గేదె" అంటాడు.

ఇక అసలు కథ. శంకర్‌పల్లి వైపు తెలిసినవాళ్ల పొలంలో చిన్న మట్టి ట్రాక్ ఉంది, ఎర్ర నేల, చుట్టూ ఎనిమిది వందల మీటర్లుంటుంది. మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకి దించాం. కొత్త బండి కదా అని నేను పెళ్లికూతుర్ని నడిపించినట్టు నడిపాను. పైగా ఆయిల్ ఒక 20 ఎంఎల్ ఎక్కువే పోశాను, ఎక్కువైతే మంచిదే కదా అని. నాలుగో రౌండ్‌కి గొంతు బొంగురుపోయింది. అయిదో రౌండ్‌లో ఘొర్రుమని ఆగిపోయింది. కిక్ మీద కిక్. ముప్పై దాకా లెక్కపెట్టాను, తర్వాత లెక్కపెట్టే ఓపిక పోయింది. హెల్మెట్ లోపల చెమట కళ్లలోకి కారుతోంది.

వేపచెట్టు కింద కూర్చున్న ట్రాలీ అన్న బీడీ నలిపేసి మెల్లగా లేచొచ్చాడు. ఒకప్పుడు టూ స్ట్రోక్ ఆటో నడిపిన మనిషి. "ప్లగ్ పానా ఉన్నదా సార్?" అన్నాడు. ఇచ్చాను. స్పార్క్ ప్లగ్ విప్పి నా మొహం ముందు పెట్టాడు. నూనెలో ముంచి తీసిన వత్తిలా నల్లగా, తడిగా ఉంది. బనీను గుడ్డతో తుడిచాడు, జేబులోంచి అగ్గిపెట్టె తీసి గీసే పక్కకేసి ప్లగ్ మూతిని అటూ ఇటూ రుద్దాడు, ఉఫ్‌మని ఊదాడు. పెట్రోల్ ట్యాప్ కట్టేసి, ప్లగ్ లేకుండా నన్ను పదిసార్లు కిక్ కొట్టమన్నాడు. ఆ రంధ్రంలోంచి సన్నటి మంచులా పెట్రోలు చిమ్మింది. తర్వాత ప్లగ్ బిగించి, ట్యాప్ తిప్పి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు. మూడో కిక్‌కి పలికింది.

"టూ స్ట్రోక్‌ని ముద్దు చేయొద్దు సార్. ముద్దు చేస్తే మూతి ముడుస్తది. గుంజాలె."

నేను చదివిన రివ్యూలన్నింటికంటే పనికొచ్చిన మాట ఇది. తక్కువ ఆర్‌పీఎంలో, అంటే ఇంజన్ మెల్లగా తిరిగేలా నడిపితే ఆయిల్ పూర్తిగా కాలక ప్లగ్ మీద పేరుకుంటుంది. కొత్త బండిని మొదట్లో అదిమిపట్టి చంపకూడదు, నిజమే, కానీ నిద్రపుచ్చకూడదు కూడా. ఇప్పుడు జేబులో రెండు కొత్త ప్లగ్‌లు, బ్యాగులో పానా లేకుండా గడప దాటను.

ఆ రోజు పదో గంటకి మొదటిసారి గుంజాను. రెండో గేరు, మలుపు దాటి ఎదురుగా వంద మీటర్ల తిన్నని దారి. మొదట మామూలు లూనాలా ఉంది. ఇంతేనా అనుకునేలోపు పటాసుల లడీ అంటుకున్నట్టు అంటుకుంది. చేతులు సాగాయి, ముందు చక్రం తేలికైంది, మూడో గేరు వెయ్యాలన్న సంగతి నాకు దారి అయిపోయాక గుర్తొచ్చింది. దీనికి కారణం సైలెన్సర్ దారి మొదట్లో ఉండే పవర్ వాల్వ్. కింద ఆర్‌పీఎంలో పొగ బయటికి పోయే ద్వారాన్ని కుదించి ఉంచుతుంది, ఇంజన్ పరుగందుకున్నాక పూర్తిగా తెరుస్తుంది. పైగా టూ స్ట్రోక్‌లో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకటి. సీసీ చూసి తీసిపారేసేవాళ్లు ఒక్క రౌండ్ వేసి మాట్లాడాలి.

అలవాటు కావాల్సింది ఇంకోటుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే ఫోర్ స్ట్రోక్ బండి వెనక్కి పట్టి లాగుతుంది. ఇది అలా లాగదు, దిగువకి వదిలిన సైకిల్‌లా పోతూనే ఉంటుంది. మొదటి రెండు ఆదివారాలు ప్రతి మలుపులోనూ బయటికి పోయి జొన్న చేలో తేలాను. బ్రేకులు మంచివే, అవి వాడాలని నా బుర్రకే తట్టలేదు. చక్రాలు ముందు 19, వెనక 16 అంగుళాలు. పెద్ద బండ్లకి 21, 19 ఉంటాయి కాబట్టి, ట్రాక్టర్ చక్రాల గాడులు లోతుగా పడ్డచోట దీని ముందు చక్రం కొంచెం తడబడుతుంది. సస్పెన్షన్ నా బరువుకి సరిపోయింది. 75 కిలోల మా తమ్ముడు ఎక్కి చిన్న జంప్ వేస్తే కింద టప్పుమని తగిలింది. మీరు భారీ మనిషైతే స్ప్రింగులు మార్చుకునే ఖర్చు కలుపుకోండి, లేదా ఈ బండి మర్చిపోండి.

నాలుగు నెలల్లో 17 సార్లు పడ్డాను, మా ప్రింటింగ్ ప్రెస్‌లో గోడ క్యాలెండర్ మీద గీతలు పెట్టాను. 17 సార్లూ ఎవరినీ పిలవకుండా నేనే లేపుకున్నాను. ఒకసారైతే గుంతలో ఇరుక్కున్న వెనక చక్రాన్ని పట్టుకుని పక్కకి జరిపేశాను, మంచం జరిపినట్టు. నేను డబ్బు పెట్టింది దీనికే.

చాకిరీ సంగతి కూడా వినండి. గంట తోలితే ఇంటికొచ్చాక రెండు గంటల పని. ఫోమ్ ఎయిర్ ఫిల్టర్‌ని ప్రతిసారీ విప్పి, కిరోసిన్‌లో పిండి, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించాలి. ఎర్రదుమ్ము చూస్తే ఇంజన్‌లోకి ఎంత పోయేదో అర్థమవుతుంది. నాకున్నది ఆఫ్‌సెట్ ప్రెస్. ముప్పై ఏళ్లుగా రోలర్లు కడిగిన చేతులకి ఇది పనే కాదు, కానీ ఇంట్లో బకెట్ మాత్రం నాకు వేరే ఇచ్చేశారు. చైన్, గేర్‌బాక్స్ ఆయిల్ ఇవన్నీ గంటల లెక్క. కిలోమీటర్లు చూపించే మీటరే లేదు కాబట్టి, ఒక చిన్న అవర్ మీటర్ కొని అంటించాను. పిస్టన్, రింగులు కూడా ఇందులో గంటల లెక్కన మార్చేవే. రేడియేటర్‌కి ఫ్యాన్ లేదు, అందుకని స్టార్ట్ చేసి పక్కన నిలబడి కబుర్లు చెప్పుకునే బండి కాదు.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఎథనాల్. అది తేమని పీల్చుకుంటుంది. పెళ్లిళ్ల సీజన్‌లో కార్డుల ఆర్డర్లు ఊపిరాడనివ్వక మూడు వారాలు బండి ముట్టుకోలేదు, కార్బ్యురేటర్ విప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి ఇంటికి రాగానే ట్యాంకు, కార్బ్యురేటర్ రెండూ ఖాళీ చేసేస్తున్నాను.

సెల్లార్‌లో ఒకే ఒక్కసారి స్టార్ట్ చేశాను, ఆదివారం మధ్యాహ్నం, అర నిమిషం. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 41 మెసేజ్‌లు. మూడో అంతస్తులోని రిటైర్డ్ లెక్చరర్ గారు మాత్రం లిఫ్ట్‌లో కలిసినప్పుడు మెల్లగా, "ఆ వాసన ఎంతకాలమైందండీ పీల్చి" అన్నారు. ఆయనకి ఒకప్పుడు యెజ్డీ ఉండేదట, అదీ టూ స్ట్రోక్ బండే.

అవర్ మీటర్ ఇవాళ 14.6 చూపిస్తోంది. ట్రాలీ కిరాయి రానుపోను, వెయిటింగ్‌తో 2,200. పోయిన వారం దించేటప్పుడు అన్న హ్యాండిల్ పట్టుకుని కాసేపు వదల్లేదు. వచ్చే ఆదివారం ఒక రౌండ్ ఆయన చేతికే ఇస్తానన్నాను. 80 కిలోలుంటాడు, పైగా నా హెల్మెట్ ఆయన తలకి పట్టదు. తమ్ముడిది అడగాలి.