మాటు వేసి కూర్చోవడమా, ఎదురెళ్లి కొట్టడమా?

యుద్ధ ట్యాంకుల గురించి ఎప్పుడు రాసినా అదే ప్రశ్న వస్తోంది: బరువైన ట్యాంకుకు సోవియట్ ట్యాంకు కమాండర్ కొలొబనోవ్ లాగా మాటు వేసే పద్ధతి మేలా, జర్మన్ ట్యాంకు కమాండర్ విట్‌మన్ లాగా ఎదురెళ్లే పద్ధతి మేలా? ఈమధ్య ఇంట్లో ఒక మాటు దృశ్యాన్ని అసలులో 35వ వంతు (1:35) సైజు బొమ్మలతో కడదామనుకుని, నేనూ ఈ రెండిట్లో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది.

విట్‌మన్‌ది 1944 జూన్ 13, నార్మండీలోని విల్లెర్ బోకాజ్. రోడ్డు మీద ఆగిన బ్రిటిష్ బండ్ల వరసను తన టైగర్ అనే బరువైన ట్యాంకుతో పక్కనుంచి కొట్టుకుంటూ పోయాడు. 88 మి.మీ. ఫిరంగి, ముందువైపు 100 మి.మీ. ఉక్కు ఉన్నాయి కాబట్టి ఆ తెగువ చెల్లింది. కానీ ఊళ్లో దెబ్బ తగిలి ట్యాంకు కదల్లేదు, దాన్ని వదిలి నడిచి పోవాల్సి వచ్చింది. అదే మధ్యాహ్నం టైగర్లు మళ్లీ ఊళ్లోకి వస్తే, ఈసారి సందుల్లో పొంచి ఉన్నది బ్రిటిష్ వాళ్లు. కొన్ని టైగర్లు అక్కడే ఆగిపోయాయి.

కొలొబనోవ్ 1941 ఆగస్టులో లెనిన్‌గ్రాడ్ దారిలో కేవీ-1 అనే తన బరువైన ట్యాంకును గుంతలో దింపి, టరెట్ (ఫిరంగి ఉండే పైభాగం) మాత్రం పైకి ఉంచి కాచుకున్నాడు. వచ్చిన జర్మన్ ట్యాంకుల వరసలో మొదటి బండిని కొట్టాడు, తర్వాత చివరి బండిని. రోడ్డుకు రెండు పక్కలా చిత్తడి, దిగే దారి లేదు. సోవియట్ లెక్కలో ఆ రోజు దెబ్బతిన్నవి 22 జర్మన్ ట్యాంకులు.

నా దృష్టిలో తేల్చేది ఆ చిత్తడే, ఉక్కు మందం కాదు. మొన్న నాట్ల రోజుల్లో ఉయ్యూరు అవతల కాలవ గట్టు మీద ఒక ట్రాక్టర్ యాక్సిల్ విరిగి అడ్డంగా ఆగింది. వెనక లారీ ఉంది, తిప్పుకునే చోటు లేదు. మధ్యలో ఇరుక్కున్న కారాయన పక్క మడిలోకి దిగబోయాడు. దమ్ము చేసిన మడి, ముందు చక్రం ఇరుసు దాకా దిగిపోయింది. కొబ్బరి మట్టలు వేసి తోసినా కదల్లేదు. కారుకే అలా ఉంటే టన్నుల బరువుండే ట్యాంకు సంగతి ఏమిటి?

1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో, పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మన సైన్యం చేసిందీ ఇదే. కాలవ నీళ్లు పొలాలకు వదిలి, చెరకు తోటల్లో సెంచూరియన్ ట్యాంకులను గుర్రపు లాడం ఆకారంలో దాచారు. బురదలో నెమ్మదించిన పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను పక్కలనుంచి కొట్టారు. పాత షెర్మన్ ట్యాంకులతో మన డెక్కన్ హార్స్ రెజిమెంటు వాళ్లూ నిలబడ్డారంటే, మాటుకు బండి బరువు ఎంత చిన్న సంగతో తెలుస్తుంది.

కొట్టి, ఒక్కో అడుగూ వెనక్కి తగ్గే పద్ధతి కూడా ఉంది. తేలిక ట్యాంకులకు బాగుంటుంది, బరువైనవాటికి నేను చెప్పను.

అయితే కూర్చునేవాడికి ఒక ప్రమాదం ఉంది. అవతలివాడిని పట్టిన బురదే మనల్నీ పట్టుకుంటుంది. గుంత తవ్వే ముందే వెనక గట్టి నేల ఉందో లేదో చూసుకోవాలి. నా బొమ్మలో కేవీ వెనక దుంగలు పరిచిన చిన్న బాట ముందు కట్టాను. బురద పోయడం ఇంకా మిగిలే ఉంది.