అల్లిక చక్కనిది, పొగ వాసన మాత్రం వదలలేదు

మా అక్క మనవరాలి కోసం చేతి అల్లికలు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి ఊలు స్వెటర్, టోపీ తెప్పించాను. పనితనానికి వంక పెట్టలేము: అల్లిక అంతటా ఒకే బిగువు ఉంది, మెడ అంచు సాగిపోకుండా గట్టిగా అల్లారు, గుండీల వెనుక మెత్తటి గుడ్డ ముక్క వేసి కుట్టారు. కానీ ప్యాకెట్ విప్పగానే పాత సిగరెట్ పొగ వాసన గుప్పుమంది.

పొగలోని నికోటిన్, తారు వంటి పదార్థాలు బట్టకు పట్టుకుని, తర్వాత చాలాకాలం నెమ్మదిగా గాలిలోకి వెలువడుతూనే ఉంటాయి. ఊలును వేడి నీళ్లలో వేసి రుద్ది ఉతికితే కుంచించుకుపోతుంది కనుక, చల్లటి నీళ్లలో కొద్దిగా తెల్ల వెనిగర్ కలిపి నానబెట్టి, మెలిపెట్టి పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు తీసి, గాలి ఆడే నీడలో పరిచి ఆరబెట్టాము. వాసన తగ్గింది గాని, ముక్కుకు ఆనించి చూస్తే చంకల దగ్గరి మందపాటి అల్లికలో ఇంకా తెలుస్తూనే ఉంది. సాంబ్రాణి ధూపం పట్టించమని ఇంట్లో సలహా ఇచ్చారు. అది వాసనను కప్పుతుందే తప్ప పేరుకున్నదాన్ని తీసివేయదు.

దొరికిన ప్రతి బట్ట అంచునూ నోట్లో పెట్టుకునే పసిబిడ్డకు దీన్ని తొడగడం నాకు సమ్మతం కాదు. దుకాణం వారు మర్యాదగా డబ్బు వాపసు చేశారు. అయినా అల్లే ఇంట్లో పొగ తాగేవారు ఉన్నారో లేదో వస్తువు వివరాల్లోనే రాయాలన్న నా విన్నపానికి జవాబు రాలేదు. ఐదింటికి రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ వివరం చేర్చేంతవరకు పసిపిల్లల దుస్తులు ఇక్కడ కొనే ముందు ఆ ప్రశ్న తప్పక అడగండి.