చేత్తో నొక్కే హబ్ కట్టర్: సూదుల మార్పిడి పనికి ఎంతవరకు?

కర్నూలు ఎన్.ఆర్.పేటలో సర్జికల్ షాపువాళ్లు ముందు కరెంటు నీడిల్ బర్నరే చూపిస్తారు. ఆసుపత్రి వార్డులో అయితే సరే. మత్తు ఇంజెక్షన్లు చేసుకునేవాళ్లకు కొత్త సూదులిచ్చి, వాడినవి వెనక్కి తీసుకునే పనికి చేత్తో నొక్కే హబ్ కట్టరే మేలు. హబ్ అంటే సిరంజి మూతికి తగిలించే సూది అడుగున ఉండే ప్లాస్టిక్ భాగం. బర్నర్ సూదిని కాలుస్తుంది గానీ సిరంజి మూతి అలాగే ఉంటుంది, ఇంకో సూది తగిలిస్తే మళ్లీ వాడేయొచ్చు. కట్టర్ మూతినీ కోసేస్తుంది. చెత్త ఏరేవాళ్ల చేతికి చిక్కినా ఆ సిరంజి ఎందుకూ పనికిరాదు.

సూదిని నిలువుగా, హబ్ రంధ్రంలో కూర్చునేదాకా దించి, పిడిని ఒకే ఊపున చివరికంటా నొక్కాలి. చెయ్యి వాలినా, సగంలో ఆపినా హబ్ సగమే తెగి సూది వేలాడుతుంది. వేళ్లతో లాగొద్దు, ఫోర్సెప్స్ వాడండి. బ్లేడు మొండిబారినా ఇదే తంటా. బ్లేడు విడిగా దొరకని మోడల్ కొనకండి.

అసలు లోపం ఇన్సులిన్ సిరంజి దగ్గర బయటపడుతుంది. 1 మి.లీ. సిరంజికి సూది అతుక్కునే ఉంటుంది, విడి హబ్ ఉండదు, కట్టర్‌లో సరిగా కూర్చోదు. అలాగని 2 మి.లీ. విడిసూది రకానికి మారిపోవడం తెలివితక్కువ పని. పిస్టన్ పూర్తిగా నొక్కాక అతుకు సూది సిరంజిలో మిగిలే రక్తం చాలా తక్కువ. ఎంత చెప్పినా ఒకరి సిరంజి ఇంకొకరు వాడే సందర్భాలు వస్తాయి, అక్కడ ఈ తేడా హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి విషయంలో లెక్కకొస్తుంది.

అందుకే కట్టర్‌తో పాటు సూది గుచ్చుకుపోని తెల్లడబ్బా కూడా కొనాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం అతుకు సూది సిరంజిలు కోయకుండా అందులోకే వెళ్తాయి. కట్టర్‌లో పడిన సూదులూ అందులోకే. సూది తీసిన సిరంజి ఎర్ర సంచిలోకి. డబ్బా ముప్పావు నిండగానే మూత బిగించేయాలి. ఖాళీ చేసి మళ్లీ వాడదామనుకునేవాళ్లు ఉన్నారు, సూదులు గుచ్చుకునేది అక్కడే.

తెచ్చినవాళ్లే తమ చేత్తో డబ్బాలో వేయాలి, మీరు అందుకోవద్దు. వాడిన సూదికి క్యాప్ పెట్టమనొద్దు. పోలీసుల భయంతో చాలామంది వాడినవి మోసుకురారు. మార్గదర్శకాల ప్రకారం సూదులివ్వడం నేరం కాదని 2017 హెచ్‌ఐవీ చట్టం సెక్షన్ 22 చెబుతోంది, దాని కాపీ కిట్‌లో పెట్టుకోండి.

గుచ్చుకుంటే పిండొద్దు. సబ్బునీళ్లతో కడిగి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ నివారణ మందులు 2 గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు.

కట్టర్‌కు 5కి 3.