రేనగర్‌లో బోర్డు లేని చాయ్ హోటల్, మా అమ్మ రోజూ పోతది

షోలాపూర్ పక్కన కుంభారిలో రేనగర్ ఉంది కదా, సీపీఎం లీడర్ నర్సయ్య ఆడం మాస్టర్ ఏండ్లకేండ్లు కొట్లాడి తెచ్చిన 30,000 ఇండ్ల కాలనీ, అందులో 15,000 ఇండ్లు 2024 జనవరి 19న ప్రధాని వచ్చి ఇచ్చిండు, అట్ల వచ్చిన ఒక ఇంట్లనే మా అమ్మ ఉంటది. ఆమె ఇంటికి నాలుగు లైన్ల అవతల ఒక చిన్న చాయ్ హోటల్ ఉంది. రివ్యూ దానికే.

అమ్మ నలభై ఏండ్లు సాఖర్ పేటలో కిరాయి ఖోలీల ఉన్నది. వాన పడితే కురిసేది, నీళ్ళకు లైన్ కట్టాలె. కానీ పొద్దున ఆరుగురు ఆడోళ్ళు చాటలు ముందల పెట్టుకొని బీడీలకు కూసుంటే వెయ్యి అయ్యేదాకా కత్తెర చప్పుడు, ముచ్చట్లు ఆగకపోయేది. ఇప్పుడు సొంత ఇల్లు, సొంత నల్లా, అన్నీ ఉన్నయి, ఆ ఆరుగురు లేరు. నాన్న పోయి మూడేండ్లయింది, కండ్లు ఆనక బీడీలు బంద్ చేసింది, నేను పుణెల ఉంటా. ఒకసారి పోయినప్పుడు చూసిన, టీవీ ముందల కూసొని పేపర్ ముక్కను వేళ్ళతోటి చుట్టి కొస మడుస్తుంది, మళ్ళ విప్పుతుంది, మళ్ళ చుట్టుతుంది. ఆ రోజు నాకు అన్నం పోలేదు.

ముందు నెలకింత అని తీసుకొని ముసలోళ్ళకు ఫోన్ చేసి మాట్లాడే ఒక సర్వీసు పెట్టించిన, పేరొద్దు. వారానికి రెండుసార్లు హిందీల "మందులు వేసుకున్నరా, నిద్ర పట్టిందా" అని అడుగుడు, అమ్మ హా హా అనుడు, అంతే. రెండు నెలలకు తీసేసిన.

ఇగ హోటల్ సంగతి. చాయ్ 10, పోహే 20, మిర్చి భజ్జి మీద శేంగా (పల్లీ) చట్నీ చల్లి ఇస్తరు, బాగుంటది. షుగర్ ఉన్నోళ్ళకు ఫీకా చాయ్ వేరే గిన్నెల పెడతరు, అది మస్తు నచ్చింది నాకు. కానీ అసలు ముచ్చట బయటి బెంచీ. మొదటి వారం అమ్మ చాయ్ తాగి లేవబోతుంటే హోటల్ వదిన పల్లీల చాట తెచ్చి "పెద్దమ్మా, ఇవి జర ఏరి పెట్టవా, నాకు పొయ్యి కాడ తీరుత లేదు" అన్నదట. కండ్లు ఆనకున్నా వేళ్ళకు రాయేదో పల్లీ ఏదో తెలుస్తది కదా. ఇప్పుడు ఆ చాట చుట్టు ఐదుగురు కూసుంటున్నరు, అందరు పాత బీడీలోళ్ళే. వదిన చాయ్ పైసలు వద్దంటది, అమ్మ పెట్టే వస్తది, రోజూ ఇదే లొల్లి.

మొన్న శ్రావణంల అమ్మకు జ్వరమొచ్చి పోలేదు. ఎనిమిది కాకముందే హోటల్ పిలగాడు తలుపు కొట్టిండు, ఆ వెంటనే హోటల్ అన్న నాకు ఫోన్ చేసిండు, "తమ్మీ, పెద్దమ్మ ఇయ్యాల రాలేదు, పిలగాన్ని పంపితే పండుకొని ఉందట" అని. నేను పుణెల బస్సెక్కేలోపల ఆమెను డాక్టర్ కాడికి తీస్కపోయిండ్రు.

కొరతలు కూడ చెప్పాలె. బాత్రూం లేదు, పెద్దోళ్ళకు ఇది చిన్న విషయం కాదు. పన్నెండు నుంచి నాలుగు దాకా బంద్, అమ్మకు ఒక్కతే ఉంటే పొద్దు పోనిది ఆ టైమే. బెంచీ మీద నీడ లేదు, ఎండకాలం ఎట్లనో. మెట్టు ఎత్తుంటే అన్నకు చెప్పిన, మళ్ళ పోయేసరికి రెండు ఇటుకలు పేర్చి సిమెంట్ పూసి ఉంచిండు.

5కి 4.5 ఇస్తా. మీ అమ్మో నాయినో ఆ కాలనీల ఒంటరిగ ఉంటే ఒక పొద్దున మీరే చెయ్యి పట్టుకొని తీస్కపోండ్రి, ఏడు లోపల పోతే బెంచీ మీద జాగ దొరుకుతది. పెన్షన్, ఇంట్ల కొట్లాట లాంటివి అడగాలంటే పెద్దోళ్ళ కోసం 14567 అని ఫ్రీ నంబర్ ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. మా అమ్మ ఇంట్ల గోడ మీద పెద్ద అక్షరాలతోటి రాసి పెట్టిన, దాని కింద హోటల్ అన్న నంబర్ కూడ.