మూడేళ్ళుగా మా వంటింట్లో ఉన్న స్ప్రింగు తీగ

మా ఇల్లు విజయనగరం కోటకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడడానికి వచ్చే చుట్టాలకు అంతకంటే అనువైన మజిలీ దొరకదు. 2022లో సిరిమానుకు ముందురోజు, తొలేళ్ళ నాటి మధ్యాహ్నం పద్దెనిమిది మంది భోజనాలు చేసి లేచేసరికి మా సింకు నిండి కూర్చుంది. గారెల పిండి కడిగిన నీళ్ళు, పులిహోర మెతుకులు, మినప్పొట్టు అన్నీ పైన తేలుతున్నాయి. ప్లంబరుకు ఫోను చేస్తే పండగ వెళ్ళాక చూద్దామన్నాడు. అంట్లు పెరట్లో కుళాయి దగ్గర వేసుకుని తోముకున్నాం. సాయంత్రం మా అబ్బాయి బజారుకు వెళ్ళి, గొట్టంలో అడ్డు తీసే ఐదు మీటర్ల స్ప్రింగు తీగ తెచ్చాడు. ఒక కొనకు మెలిక, రెండో కొనకు తిప్పే పిడి. ధర 280 రూపాయలు.

ఈ సమీక్ష ఆ తీగ గురించే. అయితే మొదటి రోజు అది దేనికీ పనికిరాలేదు.

సింకు రంధ్రంలోంచి తోస్తే జానెడు దిగి ఆగిపోయింది. గంటసేపు కుస్తీ పట్టాక కింద టార్చి వేసి చూస్తే అర్థమైంది. మాది బాటిల్ ట్రాప్. సింకు గొట్టం నేరుగా ఒక గిన్నెలోకి దిగుతుంది, నీళ్ళు ఆ గిన్నె నిండి పక్క గొట్టంలోంచి గోడలోకి పోతాయి. తీగ గిన్నె అడుగుకు తగిలి ఆగుతుందే తప్ప పక్కకు తిరగలేదు. చివరకు బకెట్టు పెట్టి గిన్నెను చేత్తోనే తిప్పి విప్పాను. మెతుకులు, పొట్టు, బూడిదరంగు మడ్డి, వాటి మధ్య నాలుగు చింతగింజలు. కడిగి, వాషర్ సరిగ్గా కూర్చోబెట్టి బిగించేసరికి నీళ్ళు గలగలా పోయాయి. పది నిమిషాల పని. ఇన్నేళ్ళుగా ఇంత చిన్న పనికి ప్లంబరు కోసం ఎదురుచూశామా అని సిగ్గేసింది.

తీగ తన విలువ చూపింది మూడు నెలల తర్వాత, ముక్కనుమ నాడు. మాంసం వండిన గిన్నెలు చన్నీళ్ళతో కడిగేశాం. మర్నాడు ఉదయానికి నీళ్ళు కదలడం లేదు. ట్రాప్ విప్పితే శుభ్రంగానే ఉంది, అంటే అడ్డు గోడ లోపలి గొట్టంలో ఉందన్నమాట. కొవ్వూ నెయ్యీ వేడిగా ఉన్నంతసేపు నీళ్ళలా జారిపోతాయి, సంక్రాంతి చలిలో గొట్టం గోడకు మైనంలా పట్టేస్తాయి. పైగా మా బోరు నీటిలో సున్నం ఎక్కువ, బిందెల అడుగున తెల్లగా కడుతుంది. ఆ సున్నం కొవ్వుతోనూ సబ్బుతోనూ కలిస్తే నీటిలో కరగని ముద్ద తయారవుతుంది.

ఈసారి ట్రాప్ తీసేసి, గోడలోని గొట్టంలోకి తీగ పంపాను. మీటరున్నర దాటాక మెత్తగా తగిలింది. ఇక్కడ ఒక కిటుకు ఉంది. గట్టిగా పొడవకూడదు, పిడిని ఒకే వైపు తిప్పుతూ కొద్దికొద్దిగా తోయాలి. వెనక్కి లాగేటప్పుడూ అదే వైపు తిప్పాలి, లేకపోతే మెలికకు పట్టుకున్న చెత్త మళ్ళీ లోపలే జారిపోతుంది. నాలుగోసారి లాగినప్పుడు వేలెడు జిడ్డు ముద్ద వచ్చింది. ఆ తర్వాత వేడినీళ్ళు వదిలాను. ఆ రోజు నుంచి ఈ తీగ మా ఇంటి వస్తువైంది.

లోపాలూ చెప్పాలి. తుడిచి ఆరబెట్టకపోతే వారంలో తుప్పు పడుతుంది, నేను కొబ్బరినూనె గుడ్డతో తుడిచి పెడతాను. కొన మెలిక రెండేళ్ళకే సాగింది, పటకారుతో మళ్ళీ వంచాను. ముడతల గొట్టం ఉన్న ఇళ్ళలో మెలిక ప్రతి ముడతకూ తట్టుకుంటుంది. మా ఇంట్లోనూ ట్రాప్‌కూ గోడకూ మధ్య అలాంటిదే ఉండేది. ప్రతి ముడతలోనూ జిడ్డు దాక్కునే చోటే. దాన్ని తీయించి నున్నటి పీవీసీ గొట్టం వేయించాక అడ్డుపడడం సగానికి తగ్గింది. తీగ కంటే ఆ మార్పుకే ఎక్కువ మార్కులు వేస్తాను.

వంటసోడా, వెనిగర్ కూడా ప్రయత్నించాను. నురగ చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది బొగ్గుపులుసు వాయువు, కాస్త ఉప్పునీళ్ళు. జిడ్డు అక్కడే ఉంటుంది. దానికంటే వేడినీళ్ళలో కరిగించిన బట్టల సోడా మేలు. నీళ్ళు మరీ మరిగించి పోయకండి, పీవీసీ మెత్తబడి వంగుతుంది.

కాస్టిక్ సోడా పొడి పొట్లాలు కొవ్వును నిజంగానే సబ్బుగా మార్చి కరిగిస్తాయి. రెండుసార్లు పనిచేసింది. మూడోసారి నీళ్ళు నిలిచి ఉండగానే పొట్లంలో చెప్పినదానికంటే ఎక్కువ వేశాను. పొడి ట్రాప్ అడుగున రాయిలా గడ్డకట్టింది, ట్రాప్ కొత్తది కొనాల్సి వచ్చింది. గ్లవ్స్, రక్షణ కళ్ళజోడు లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. అల్యూమినియం గిన్నెలు దరిదాపుల్లో ఉండకూడదు. దాని మీద బాత్రూము ఆసిడ్ పోయడం ప్రమాదం, భగ్గున వేడెక్కి ముఖం మీదికి చిమ్ముతుంది. పొడి వేసిన తర్వాత గొట్టం విప్పే మనిషికి ఆ సంగతి ముందే చెప్పాలి. నేనైతే మానేశాను.

రబ్బరు కప్పు ప్లంజర్ ఫరవాలేదు. కప్పు మునిగేంత నీళ్ళుండాలి, సింకు పైఅంచున పొర్లు రంధ్రం ఉంటే తడిగుడ్డ కుక్కాలి. మా ఆయన ఒకసారి పూనకం వచ్చినట్టు నొక్కితే కింద జాయింటు ఊడి బియ్యం డబ్బా తడిసింది.

అన్నిటికంటే చెడ్డ సలహా ఒక ప్లంబరు నుంచి వచ్చింది. ట్రాప్ తీసేస్తే ఇక అడ్డే పడదన్నాడు. నిజమే, పడలేదు. కానీ ఆ గిన్నెలో నిలిచే నీళ్ళే మురుగు వాసనను ఆపుతాయని అప్పుడు తెలియదు. నెల రోజులు వంటింట్లో కంపు, రాత్రయితే బొద్దింకలు. మళ్ళీ పెట్టించాను.

ముందుజాగ్రత్త విషయంలో మా అత్తయ్యగారి మాటే మాట. ఒకరోజు నేను సింకులో గంజి వారుస్తుంటే చూసి, "కుడితి గోలెంలో పోయాల్సినవన్నీ దాని నోట్లో పోస్తున్నావు. అదేం గేదె కాదు కదమ్మా, తాగడానికి!" అన్నారు. ఆవిడ కాలంలో గంజీ, బియ్యం కడుగూ, పప్పు పొట్టూ అన్నీ గోలెంలోకే. మాకు గేదె లేదు. అందుకని గంజి, కడుగు చల్లారాక మొక్కలకు పోస్తున్నాం. పొట్టును జల్లెడలో వార్చుతున్నాం. జిడ్డు గిన్నెలను పాత దినపత్రిక ముక్కతో తుడిచాకే తోముతున్నాం. సింకు రంధ్రంలో కూర్చునే స్టీలు జాలీ 40 రూపాయలు, ఒక్క చింతగింజను కూడా వదలదు. వారానికోసారి మూత పెట్టి సింకు నిండా వేడినీళ్ళు పట్టి, ఒక్కసారిగా మూత తీస్తాను. సన్నటి ధార చేయలేని పని ఆ బరువు చేస్తుంది. రెండు నెలలకోసారి ట్రాప్ విప్పి కడుగుతాను.

దీనివల్ల ఏడాదిన్నరగా తీగకు మా ఇంట్లో పని పడలేదు. వీధిలో మాత్రం తీరిక లేదు. ఇప్పుడు ఎదురింటివారి దగ్గర ఉంది. పోయినసారి తడిగానే తిరిగిచ్చారు, ఈసారి తీగతో పాటు నూనె గుడ్డ కూడా ఇచ్చి పంపాను.