స్క్వేర్ బార్‌కి న్యూమాటిక్ చక్ కొంటున్నారా? ‘ఫోర్ జా’ అన్న మాట చూసి డబ్బు కట్టేయకండి

రేణిగుంట, గాజులమండ్యం, చిత్తూరు పక్క లేత్ షెడ్లు నడుపుకుంటున్న వాళ్ళందరికీ ఇది. ఆయుధ పూజ దగ్గరపడితే డీలర్లు ఆఫర్లు పట్టుకుని షెడ్డు షెడ్డుకూ తిరుగుతారని మీకూ తెలుసు. చెన్నై నుంచి వచ్చే ఒకాయన ‘స్క్వేర్ జాబ్ స్పెషల్’ అంటూ న్యూమాటిక్ ఫోర్ జా చక్ (లేత్ మీద జాబ్‌ని నాలుగు దవడలతో, గాలి బలంతో బిగించి పట్టుకునేది) అమ్ముతున్నాడు. మేం కొన్నాం. మా స్క్వేర్ బార్‌కి అది పనికిరాలేదు. డబ్బు గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయను. పనికిరాని సరుకును ఎలా గుర్తుపట్టాలో మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇలాంటిది ఎవరి దగ్గరైనా తగలొచ్చు.

మాది ట్రాక్టర్ డిస్క్ హారోల్లో పళ్ళేలను వరసగా గుచ్చే గ్యాంగ్ షాఫ్టుల పని. 32 ఎంఎం స్క్వేర్ బ్లాక్ బార్ (వేడిగా రోల్ చేసి అలాగే వచ్చే కడ్డీ) తీసుకుని రెండు కొసలూ రౌండ్‌గా టర్నింగ్ చేసి థ్రెడ్ కొట్టాలి. మాన్యువల్ ఇండిపెండెంట్ ఫోర్ జా చక్ మీద చేస్తే పని బాగానే వస్తుంది. కానీ ఒక్కో జా విడిగా తిప్పి, డయల్ పెట్టి సెంటర్ చూసుకునేసరికి టర్నింగ్ కంటే సెట్టింగ్‌కే ఎక్కువ టైం పోతుంది. సీజన్‌లో ఆర్డర్లు మీద పడితే అదో టెన్షన్. అందుకే గాలితో బిగిసే చక్ కోసం చూశాం. డ్రాయింగ్ వాట్సాప్‌లో పంపాం, బ్లాక్ బార్ అని, సైజులో తేడా ఉంటుందని కూడా రాశాం. ‘గ్యారంటీగా పట్టుకుంటుంది సార్, నాలుగు పక్కలకి నాలుగు జాస్’ అని జవాబొచ్చింది. కొటేషన్‌లో కూడా ‘స్క్వేర్ జాబ్ కొరకు’ అనే రాసిచ్చాడు.

బిగించి చూసిన మొదటి బార్‌కే మా కుర్రాడు, ‘అన్నా, ఇది రెండు పక్కలే పట్టుకుంటా ఉంది’ అన్నాడు. పాత న్యూస్ పేపర్ చింపి నాలుగు జాస్ కిందా ఒక్కో ముక్క పెట్టి గాలి ఇచ్చాం. ఎదురెదురుగా ఉన్న రెండు ముక్కలు లాగితే చిరిగిపోయాయి. మిగతా రెండూ వేలితో లాగితే చక్కగా బయటికొచ్చేశాయి. ఫీలర్ గేజ్ పెడితే ఆ రెండు పక్కలా ఖాళీ కొలతకే అందింది. ఆ బార్ ఒక వైపు 32.0, ఇంకో వైపు 32.4 ఉంది. బ్లాక్ బార్ అంటే ఇంతే, ఇందులో స్టీల్ వాళ్ళ తప్పేం లేదు.

అసలు కిటుకు ఇక్కడుంది. ఆయన ఇచ్చింది సెల్ఫ్ సెంటరింగ్ ఫోర్ జా. నాలుగు జాస్ ఒకేసారి, ఒకే దూరం లోపలికొస్తాయి. లావుగా ఉన్న పక్క రెండు జాస్ ముందు తగులుతాయి, అంతటితో చక్ ఆగిపోతుంది. సన్నగా ఉన్న పక్క ఒక్కో వైపు 0.2 ఎంఎం గ్యాప్ అలాగే మిగులుతుంది. చక్ వెనక ఉండే గాలి సిలిండర్ ఇచ్చే బలమంతా ఆ రెండు జాస్ మీదే పడుతుంది, అడ్డం దిక్కులో బార్‌కి సెంటరూ ఉండదు, ఆసరా ఉండదు. పైగా స్క్వేర్ కొసను రౌండ్ చేసేటప్పుడు కటింగ్ ఏకధాటిగా సాగదు. ఒక్కో చుట్టుకు నాలుగు మూలలూ టూల్‌ని కొడతాయి. 500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2000 దెబ్బలు. రెండు జాస్ మధ్య ఉన్న బార్ ఆ దెబ్బలకి జరగకుండా ఎంతసేపు ఉంటుంది? మాది జరిగింది. టూల్ కొసన కోసే ఇన్సర్ట్ ముక్కలయింది, బార్ మీద జాస్ గీతలు పడ్డాయి. మనిషికి ఏమీ కాలేదు, అదే పదివేలు.

మనకు కావలసింది కాంపెన్సేటింగ్ ఫోర్ జా. టూ ప్లస్ టూ అని కూడా అంటారు. ఇందులో ఎదురెదురు జాస్ రెండు జతలుగా పనిచేస్తాయి. ఒక జత ముందు తగిలితే అది అక్కడే ఆగుతుంది, రెండో జత ఇంకా కదిలి తన పక్కను పట్టుకుంటుంది. తర్వాతే పూర్తి బలం నాలుగింటి మీదా పడుతుంది. రెక్టాంగిల్ జాబ్‌ని కూడా దాని స్ట్రోక్ (జాస్ కదిలే దూరం) అనుమతించినంత వరకు పట్టుకుంటుంది. దీని ధర ఎక్కువ, అందుకే మామూలు దాన్ని ‘స్క్వేర్ జాబ్ స్పెషల్’ పేరుతో అంటగడతారు. ఆర్డర్‌లో ‘ఫోర్ జా’ అని రాస్తే సరిపోదు, ‘టూ ప్లస్ టూ కాంపెన్సేటింగ్’ అని రాయించండి. సరుకు దిగాక బిల్లు సెటిల్ చేసే ముందు ఆ పేపర్ ముక్కల పరీక్ష వాళ్ళ మనిషి ముందే చేయండి. మీ దగ్గరున్న బార్లలో రెండు వైపుల కొలతలకి అన్నిటికంటే ఎక్కువ తేడా ఉన్న బార్ పెట్టి మరీ చేయండి, వాళ్ళు తెచ్చిన బ్రైట్ బార్ (నునుపు చేసి కచ్చితమైన సైజుకి తెచ్చిన కడ్డీ) పెట్టి కాదు. 32 సైజు బ్రైట్ బార్‌కి హెచ్11 టాలరెన్స్ (సైజులో ఒప్పుకునే తేడా) అంటే 0.16 ఎంఎం లోపే. దాంతో చూపిస్తే మామూలు సెల్ఫ్ సెంటరింగ్ కూడా బాగానే పట్టుకున్నట్టు కనిపిస్తుంది.

రంధ్రం సంగతి కూడా చూసుకోండి. పొడవు షాఫ్టు, చక్‌ను తిప్పే బోలు స్పిండిల్ లోపలికి దూరాలి కదా. ఆయన తెచ్చిన చక్ మధ్య రంధ్రం 40 ఎంఎం. 32 బార్ 40లో దూరదా అని ఎదురు ప్రశ్న వేశాడు. స్క్వేర్‌కి మూల నుంచి మూలకు కొలవాలి సామీ! పక్క కొలతను 1.414తో హెచ్చిస్తే 32కి 45.25 వస్తుంది. 25 బార్‌కి 35.4, 40 బార్‌కి 56.6. బ్లాక్ బార్ మూలలు కొంచెం గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఒకటి రెండు ఎంఎం తగ్గొచ్చేమో, 40లో మాత్రం దూరదు. వెనక సిలిండర్, దాని లాగుడును చక్‌కి అందించే డ్రా ట్యూబ్ రంధ్రాలు కూడా ఇదే లెక్కతో చూడాలి.

గాలి దగ్గర ఇంకో మాయ ఉంది. కేటలాగ్‌లో గ్రిప్పింగ్ ఫోర్స్ ఏ ప్రెజర్ దగ్గర వేశారో చూడండి. 7 బార్ (ఇక్కడ బార్ అంటే గాలి ప్రెజర్ కొలత) దగ్గర వేసి ఉండి, మీ లైన్ చివర 5 బారే వస్తుంటే బలం దాదాపు 30 శాతం తగ్గినట్టే. స్పీడ్ పెరిగితే జాస్ బయటికి లాగబడతాయి. ఆర్‌పీఎం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలు. కేటలాగ్‌లోని మ్యాక్సిమం ఆర్‌పీఎం వాళ్ళ స్టాండర్డ్ జాస్‌కి ఇచ్చింది. మనం పొడవాటి సాఫ్ట్ జాస్ (జాబ్‌కి తగ్గట్టు మనమే కోసుకునే మెత్తటి జాస్) వేస్తే దాన్ని తగ్గించుకోవాలి.

ఇక కరెంటు పోయి కంప్రెసర్ ఆగితే? సిలిండర్‌లో చెక్ వాల్వ్ ఉంటే గాలి లోపలే నిలుస్తుంది. ప్రెజర్ పడిపోతే స్పిండిల్ ఆగేలా ప్రెజర్ స్విచ్ కూడా ఉండాలి. మాకొచ్చిన దాంట్లో స్విచ్ లేదు, అడిగితే ‘ఎక్స్‌ట్రా’ అన్నాడు. ప్రాణానికి సంబంధించింది ఎక్స్‌ట్రా ఎలా అవుతుందో ఆయనకే తెలియాలి. డెలివరీ రోజు చక్ బిగించి, సప్లై మూసేసి, కాసేపు గేజ్ ముల్లు చూడండి. కిందికి దిగుతుంటే ఎక్కడో గాలి లీకవుతోందని అర్థం.

నెలకు కాసిన్ని జాబులే ఉంటే అసలు ఇంత ఖర్చు ఎందుకు? బయట రౌండ్, లోపల స్క్వేర్ రంధ్రం ఉన్న బుష్ చేయించి ఒక పక్క చీలిక కొట్టించండి, మామూలు త్రీ జా పవర్ చక్‌లో నడుస్తుంది. లేదా టూ జా చక్‌కి 90 డిగ్రీల వీ కోసిన సాఫ్ట్ జాస్ వేస్తే బార్ మూలల మీద పట్టుకుని నాలుగు పక్కలా ఆనుతుంది. మేం ప్రస్తుతం బుష్‌తోనే ఆర్డర్ నెట్టుకొస్తున్నాం. బార్ సైజు మారితే వేరే బుష్ కావాలి, అదొక్కటే తలనొప్పి.

కొనేటప్పుడు వాడకం ఏమిటో రాతపూర్వకంగా చెప్పండి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 16వ సెక్షన్ ఇందుకే ఉంది. ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ వ్యాపారం చేసేవాడు ఆ పనికి తగిన సరుకే ఇవ్వాలి. జీఎస్టీ బిల్లు లేకుండా ‘తక్కువలో చూస్తా’ అంటే ఒప్పుకోకండి. వ్యాపారానికి కొన్నదని వినియోగదారుల కమిషన్‌లో అభ్యంతరం రావచ్చు. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్న వాళ్ళకి ఆ అడ్డు లేదు, కాబట్టి చిన్న షెడ్ల వాళ్ళు వెనక్కి తగ్గక్కర్లేదు.

మా వాట్సాప్ మెసేజ్‌లు, కొటేషన్, పేపర్ ముక్కలు లాగిన వీడియో కలిపి ఆయనకు లెటర్ పంపాం. రవాణా ఖర్చు మినహాయించి చక్ వెనక్కి తీసుకుంటానంటున్నాడు, మేం ఒప్పుకోలేదు. ఈలోగా అదే చక్ మీ షెడ్డుకి ‘డెమో పీస్, తక్కువ రేటు’ అని రావచ్చు. రెండు జాస్ మొన మీద ఇన్సర్ట్ తగిలిన గాట్లు ఉంటాయి, చూసుకోండి.