జాగిలమా, కంటిచూపా, కాగితమా: రైళ్ళలో, బస్సుల్లో గంజాయి పట్టే శిక్షణలో ఏది మేలు?

నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతున్నారు. తడ, సూళ్లూరుపేట వైపు ఎస్సైలు అడుగుతారు. గుమ్మిడిపూండి దగ్గర పనిచేసే మన తెలుగు కుర్రాళ్ళు అడుగుతారు. రైల్వే రక్షక దళం ఆర్‌పీఎఫ్‌లో ఏఎస్సైగా ఉన్న మా మేనల్లుడైతే భోజనాల దగ్గర కూడా వదలడు. "మామయ్యా, మాకు ఒక్క సీటే ఇచ్చారు. డాగ్ స్క్వాడ్ కోర్సుకు వెళ్ళనా, ప్రయాణికుణ్ణి చూసి పసిగట్టే కోర్సుకు వెళ్ళనా, లేకపోతే ఆ సీజర్ ప్రొసీజర్, అదే సరుకు స్వాధీనం చేసుకునే పద్ధతి, ఆ క్లాసుకా?"

నేను పోలీసును కాదు, వకీలును. పెరంబూరులో ఉంటాను. పద్దెనిమిదేళ్ళుగా చెన్నైలో ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల చట్టం) కేసులు చూస్తున్నాను, అదీ ఎక్కువగా ముద్దాయిల తరఫున. పోలీసులు ఎక్కడ గెలుస్తారో అంతగా తెలియదు కానీ, ఎక్కడ ఓడిపోతారో మాత్రం బాగా తెలుసు. ఈమధ్య ఒక శిక్షణ కేంద్రంవాళ్ళు రెండు రోజుల క్లాసు చెప్పమని పిలిచి, ఏం చెప్పాలో నన్నే ఎంచుకోమన్నారు. అప్పుడు నేనూ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సి వచ్చింది.

జాగిలంతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరికీ మనసు అటే లాగుతుంది. ఫొటోల్లో బాగుంటుంది, ప్రెస్‌మీట్‌లో ఇంకా బాగుంటుంది. ఎగతాళి పక్కన పెడితే, దాని గొప్ప దానికుంది. పార్సిల్ ఆఫీసు, లగేజీ వ్యాను, విమానాశ్రయం కార్గో, లారీ ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్ ఇలాంటి చోట్ల సరుకు ఉంటుంది, సరుకు యజమాని ఉండడు. ముఖం చూసి చెప్పడానికి అక్కడ ముఖమే లేదు. వందల పెట్టెల్లో ఏది విప్పాలో చెప్పగలిగేది కుక్క ముక్కే.

చిక్కల్లా తాడు రెండో కొసన ఉన్న మనిషితో. కాలిఫోర్నియాలో 18 కుక్కల మీద, వాటిని నడిపించే హ్యాండ్లర్ల మీద జరిపిన ఒక పరీక్ష 2011లో అచ్చయింది. వెతకమన్న గదుల్లో మత్తుపదార్థం అనేదే లేదు. ఫలానా గుర్తు ఉన్నచోట సరుకు ఉందని హ్యాండ్లర్లకు ముందే అబద్ధం చెప్పి ఉంచారు. సరిగ్గా ఆ గుర్తుల దగ్గరే కుక్కలు ఎక్కువసార్లు 'ఉంది' అన్నాయట. కుక్కను మోసం చెయ్యడానికి అక్కడక్కడ సాసేజ్ ముక్కలు కూడా దాచారు. వాటికంటే హ్యాండ్లర్ నమ్మకానికే అవి ఎక్కువగా లొంగాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ అంబుడ్స్‌మన్ 2006లో ఇచ్చిన నివేదిక ఇంకా మొహమాటం లేనిది: కుక్క చూపించిన మనుషులను సోదా చేస్తే 26 శాతం సందర్భాల్లోనే ఏదైనా దొరికింది. నిజమే, అక్కడ వెతికింది జేబుల్లోని చిటికెడు సరుకు కోసం. మన దగ్గరి ఇరవై కిలోల మూట వాసన వేరు. అయినా హ్యాండ్లర్‌ను బదిలీ చేస్తే కుక్క సగం పనికిరాకుండా పోతుందనీ, మే నెలలో సెంట్రల్ ప్లాట్‌ఫాం మీద కుక్కకూ ఎండ కొడుతుందనీ కోర్సుకు వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. కుక్కను క్రాస్ ఎగ్జామిన్ చేసే అదృష్టం నాకింకా కలగలేదు. హ్యాండ్లర్‌ను చేశాను. కుక్క ఎప్పుడు ఎంతసేపు పనిచేసిందో రాసిన పుస్తకం అడిగితే ఆయన నీళ్ళు నమిలాడు.

రెండోది, చూసి పసిగట్టడం. ఈ విద్యకు పెద్ద పేరు తెచ్చింది అమెరికా. అక్కడి మత్తుపదార్థాల నిరోధక సంస్థ డీఈఏ 1980లలో ఆపరేషన్ పైప్‌లైన్ పేరుతో హైవే పోలీసులకు శిక్షణ ఇచ్చింది: కారును ఏ కారణంతో ఆపాలి, డ్రైవర్‌ను ఏమడగాలి, ఏ జవాబు దగ్గర అనుమానం రావాలి. విమానాశ్రయాలకు, రైళ్ళకు, బస్సులకు ఆపరేషన్ జెట్‌వే అని ఇలాంటిదే ఇంకొకటి పెట్టారు. సరుకు దొరికింది, కాదనను. కానీ గుర్తుల జాబితా పెరిగిపోయి దానికదే ఎదురు తిరిగింది. 1989లో ఒక విమానాశ్రయం కేసులో అమెరికా సుప్రీంకోర్టు జడ్జి థర్గుడ్ మార్షల్ తన భిన్నాభిప్రాయంలో ఆ జాబితాను చీల్చి చూపించారు. విమానం ముందుగా దిగినా అనుమానమే, చివర దిగినా అనుమానమే, మధ్యలో దిగినా అనుమానమే. న్యూ జెర్సీలో ఈ చూపు చివరికి నల్లవాళ్ళ మీదే పడుతోందన్న గొడవ ముదిరి, 1999లో ఆ రాష్ట్ర పోలీసు శాఖ కేంద్ర ప్రభుత్వంతో కోర్టులో రాజీ ఒప్పందానికి రావాల్సి వచ్చింది.

ఇక్కడైతే ఆ చూపు ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? జనరల్ బోగీలో ఒడిశా నుంచి కూలి పనికి వచ్చే పిల్లవాడి మీద పడుతుంది. పెద్ద సంచి, నలిగిన చొక్కా, భాష రాని బెదురు, అన్నీ 'గుర్తులే'. బ్రౌన్ టేపు చుట్టిన అట్టపెట్టెను గుర్తుగా నేర్పే క్లాసు ఒకటి విన్నాను. ఆ లెక్కన పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగే తెలుగువాళ్ళలో సగంమందిని లోపల వెయ్యాలి. ఆవకాయ జాడీకి మా అమ్మ చుట్టేంత టేపు ఏ స్మగ్లరూ చుట్టడు.

అయితే ఈ కోర్సులో ఒక ముక్క మాత్రం బంగారం: మాట కలపడం. ఎక్కడ ఎక్కావు, ఎవరింటికి, ఎన్నాళ్ళుంటావు అని మామూలుగా అడిగి, టికెట్టుతో, సామానుతో సరిపోతోందా అని చూసుకోవడం. మాధవరం బస్టాండులో తెలుగు తెలిసిన కానిస్టేబుల్ ఒకాయన నాతో అన్నాడు: "నెల్లూరు అంటాడు సార్, మాటేమో మన్యం యాస." యాస నేరం కాదు. కానీ ఇంకో రెండు ప్రశ్నలు అడగడానికి అది చాలు. ఇది చెన్నైలో తెలుగువాళ్ళకు ఉన్న సొంత బలం, ఏ కోర్సూ నేర్పలేనిది.

ఇక కాగితం, అంటే ఆ సీజర్ ప్రొసీజర్. నా మొగ్గు ఎటో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

సరుకు దొరికిన నిమిషం నుంచి అసలు పరీక్ష మొదలవుతుంది, వాహనాన్ని బట్టి ప్రశ్నపత్రం మారుతుంది. ఇది చాలామందికి తెలియదు. ఎన్‌హెచ్ 16 మీద ఎళావూరు చెక్‌పోస్టు దగ్గర వెనకాముందు రెండు బళ్ళు ఆపారనుకోండి, ఒకటి బస్సు, ఒకటి కారు. బస్సు ప్రజా వాహనం కాబట్టి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 43వ సెక్షన్ చాలు. కారు రోడ్డు మీదే ఉన్నా, సొంత బండి 'బహిరంగ స్థలం' కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ 42వ సెక్షన్ వస్తుంది. అందిన సమాచారాన్ని కాగితం మీద పెట్టాలి, 72 గంటల్లో పై అధికారికి నకలు పంపాలి, సూర్యాస్తమయం దాటితే వారంటు ఎందుకు తేలేకపోయారో రాయాలి. ఒకే రోడ్డు, ఒకే రాత్రి, ఒకే సరుకు. ఒక బండికి కాగితం లేకపోయినా నిలబడుతుంది, రెండోదానికి లేకపోతే కూలిపోతుంది.

తర్వాత 50వ సెక్షన్. ఒంటి మీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేటు ముందు గానీ చేయించుకునే హక్కు ఉందని ఆ మనిషికి చెప్పి తీరాలి. సంచికి ఇది వర్తించదని 2005లో ఒకసారి, 2023లో మళ్ళీ సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ కలిపి ఒకే నోటీసు చెల్లదని 2014లో చెప్పింది. 'లేదా మా దగ్గరే చేయించుకుంటావా' అని మూడో దారి చూపడం కూడా అప్పుడే తప్పన్నది. ఆడవాళ్ళను ఆడవాళ్ళే సోదా చెయ్యాలి. పుస్తకంలో ఇది అరపేజీ. కదిలే రైల్లో అయితే గెజిటెడ్ అధికారి ఎక్కడ దొరుకుతాడు? గూడూరులో ఎక్కిన పంచులు (సాక్షులు) సెంట్రల్లో దిగి వెళ్ళిపోతామంటే ఏం చేస్తారు? సోదా తడ దగ్గర మొదలై గుమ్మిడిపూండి దాటాక ముగిస్తే కేసు ఏ రాష్ట్రంలో రాస్తారు? ఎక్కడైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టవచ్చని తెలిసినవాళ్ళు కూడా ఆ క్షణంలో తడబడతారు.

అన్నిటికంటే పెద్ద గుంట భాష. చాలా ఏళ్ళ కిందటి కేసు ఒకటి చెబుతాను. ఏ స్టేషనో అనవసరం. ముగ్గురు కుర్రాళ్ళు, హాష్ ఆయిల్ (గంజాయి నూనె) ప్యాకెట్లు నడుముకు కట్టుకుని ఉన్నారన్నది ఆరోపణ. ముగ్గురికీ కలిపి ఒకే నోటీసు, అదీ తమిళంలో. 'చదివి అర్థం చేసుకున్నాను' అన్న తమిళ వాక్యం కింద ఒకడు తెలుగులో సంతకం పెట్టాడు, ఇద్దరు వేలిముద్ర వేశారు. హక్కు ఏ భాషలో చెప్పారని అధికారిని అడిగాను. తమిళంలో అన్నారు. వాళ్ళకు తమిళం వచ్చా అన్నాను. "చెన్నైకి వచ్చారంటే తెలిసే ఉంటుంది కదా సార్" అన్నారు. జడ్జిగారు పెన్ను కింద పెట్టి ఆయన వంక ఒకసారి చూశారు. కేసు అక్కడే అయిపోయింది. సరుకు సంగతి నేను మాట్లాడకూడదు.

ఇంకా ముందుకు పోతే చేతులు మారడం. 2019 నుంచి ఆర్‌పీఎఫ్‌లో ఏఎస్సై, ఆపైవాళ్ళకు సోదా, స్వాధీనం, అరెస్టు అధికారాలు ఉన్నాయి. కానీ పట్టేది వీళ్ళు, కేసు నడిపేది రైల్వే పోలీసులో, కేంద్ర మత్తుపదార్థాల నియంత్రణ సంస్థ ఎన్‌సీబీయో. అక్కడి నుంచి స్టేషన్ మాల్‌ఖానా (పట్టిన సరుకు దాచే గది), మేజిస్ట్రేటు, లాబ్. ప్రతి మలుపులోనూ సీలు గురించి ఒక ప్రశ్న. శాంపిళ్ళు మేజిస్ట్రేటు ముందే తియ్యాలని 2016 తీర్పూ, 2022 రూల్సూ చెబుతున్నా, పట్టినచోటే పొట్లం కట్టే పాత అలవాటు ఇంకా పోలేదు. 2024 జూలై 1 నుంచి సోదా అంతా వీడియో తియ్యాలి. వీడియోలో ఒక టైము, మహజర్‌లో ఇంకో టైము ఉంటే నాకు పండగే. (మహజర్ అంటే సోదా జరిగిన తీరును సాక్షుల ముందు రాసే కాగితం. అది తమిళనాడు మాట. మన ఆంధ్రవాళ్ళు మధ్యవర్తుల రిపోర్టు అంటారు. రెండు రాష్ట్రాలవాళ్ళు ఒకే క్లాసులో కూర్చుంటే మొదటి గంట ఈ పేర్లు కుదుర్చుకోవడానికే సరిపోతుంది.)

అందుకే నా రెండు రోజులూ దీనికే వాడాను, కానీ ఉపన్యాసంగా కాదు. హాల్లో కుర్చీలు రెండు వరసలు వేసి బోగీ అన్నాం. ఒకడు టీటీఈ, ఒకామె ఏడ్చే పిల్లతో ప్రయాణికురాలు, ఒకడు ఒడియా తప్ప ఏదీ మాట్లాడని ముద్దాయి. అతను నిజంగానే బరంపురం వైపువాడు, కాబట్టి బాగా కుదిరింది. వరిపొట్టు నింపి టేపు చుట్టిన మూటలు తెచ్చాను. పది నిమిషాల్లో స్టేషన్ వస్తుంది, పని కానివ్వండి అన్నాను. మొదటిరోజు ఒక్క జట్టూ పూర్తి చెయ్యలేదు. తూకం దగ్గర అందరూ బోల్తా పడ్డారు. టేపు, గోనె కలిపి తూస్తే 20 కిలోల 300 గ్రాములు. విప్పి తూస్తే 19 కిలోల 600. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్ళ జైలు, బెయిలు దాదాపు లేనట్టే. దాటకపోతే ఆ కనీస శిక్ష లేదు. "అంటే టేపుకే పదేళ్ళా సార్?" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. ఆ ఒక్క మాటకే నా రెండు రోజులూ గిట్టుబాటయ్యాయి.

దీనికీ లోపం ఉంది, దాచను. కాగితం దేన్నీ పట్టుకోదు. ప్రొసీజర్ మాత్రమే వచ్చినవాడు బేసిన్ బ్రిడ్జి దగ్గర బండి నెమ్మదించినప్పుడు సంచి బయట పడటం చూడకుండా ఫారాలు నింపుతూ కూర్చోగలడు. కానీ ఆంధ్ర, ఒడిశా, తమిళనాడు పోలీసులు ఈ దారిలో సరుకు పట్టుకోలేక ఇబ్బంది పడటం నేను చూడలేదు. పట్టిన మనిషిని నిలబెట్టలేక ఇబ్బంది పడటం నెలనెలా చూస్తున్నాను.

మిగతావి రెండు మాటల్లో. స్కానర్ ఆపరేటర్ శిక్షణ మంచిదే, కానీ స్కానర్ ఉండేది స్టేషన్లోకి వచ్చేవాళ్ళ దారిలో, దిగి వెళ్ళేవాళ్ళ దారిలో కాదు. ఆన్‌లైన్ కోర్సులు సర్వీస్ రికార్డుకు పనికొస్తాయి.

మరి ఎవరు దేనికి వెళ్ళాలి? పార్సిల్, కార్గో డ్యూటీ అయి, కుక్కలంటే ప్రాణమై, కొన్నేళ్ళు బదిలీ అడగనంటే జాగిలం కోర్సుకే వెళ్ళండి, రెండో ఆలోచన వద్దు. టోల్‌గేటు, చెక్‌పోస్టు డ్యూటీ అయితే మాట కలిపే కోర్సు ఉపయోగమే, కానీ రెండో ఏడాది. మిగిలిన అందరికీ, ముఖ్యంగా రైల్లో తిరిగేవాళ్ళకు, ముందు ప్రొసీజర్. అదీ కుర్చీలతో బోగీ కట్టి చేయించేదైతేనే. స్లైడ్లు చదివే క్లాసైతే ఆ రెండు రోజులు సెలవు పెట్టుకోండి.

ఒకే సీటు ఉంటే ఎస్సై కాకుండా స్టేషన్ రైటర్ వెళ్ళాలన్నది నా మాట. సంతకం ఎవరు పెట్టినా మహజర్ రాసే చెయ్యి ఆయనది. మా మేనల్లుడు ఈ మాటే తీసుకెళ్ళి వాళ్ళ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాడట. ఆయన వెంటనే, "రాసేవాణ్ణే పంపిస్తే ఇక్కడ రాసేదెవరయ్యా?" అన్నారట. సీటు ఇంకా ఖాళీగానే ఉంది.